వాన పడని రాజధాని

కొత్తగా బడుల్లో టీచర్లుగా చేరే ఆడపిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "అమ్మా, మీ కాలంలో పిల్లలకు ఎక్కాలూ, దేశాలూ, రాజధానులూ ఆటలతోనే నేర్పేవాళ్లట కదా, ఎట్లా?" అని అడుగుతారు. కాఫీ తాగి లేచేలోపల చెప్పి ముగించే సంగతి కాదది. అందుకే కూర్చుని రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ గ్రేడు ఇచ్చారో, ఏ ఊరికి ఎందుకు మార్చారో రాయను. అవి నాకే సరిగ్గా గుర్తు లేవు. గుర్తున్నవి ఒక చిన్న బడి, ఒక బెల్లం గానుగ, దాని పక్కన నులక మంచం మీద కూర్చుని లోకమంతా తిరిగి వచ్చిన ఒక పెద్దాయన, ఆయన మనవరాలు.

ఇళ్లూ చుట్టాలూ

చిత్తూరులో ట్రైనింగు ముగించుకుని, చంద్రగిరికి పడమటగా పాకాల దారిలో ఉన్న ఒక పల్లెలో ఆడపిల్లల బడికి వెళ్లాను. యుద్ధం జరుగుతున్న రోజులు. ఊరి పేరు రాయను, అక్కడివాళ్లకు ఎలాగూ తెలిసిపోతుంది. పెంకుటింట్లో రెండు గదులు. కిటికీలోంచి చూస్తే చెరుకు తోటలు, వాటి వెనక బోడి కొండలు. పొద్దున మంచు విడిచేదాకా కొండలు కనిపించేవి కావు. ఎండెక్కాక ఎవరో ఒక్కొక్కదాన్ని తెచ్చి పెడుతున్నట్టు కనిపించేవి.

బడికి పెద్ద ఒక ముసలి అయ్యవారు. మంచివాడు. పిల్లల చేత ఎక్కాలు గొంతెత్తి చదివించేవాడు, చేతిలో బెత్తం ఆడిస్తూ. దూరంనుంచి వింటే భజన అనిపించేది. కానీ ఒక పిల్లను పిలిచి "ఏడు ఎనిమిదులు?" అంటే ఆ పిల్ల కళ్లు మూసుకుని ఏడో ఎక్కం మొదటినుంచీ గొణుక్కుంటూ రావాల్సిందే. మధ్యలో ఎవరైనా తుమ్మితే మళ్లీ మొదటికి. పాటగా వచ్చింది పాటగానే ఉండిపోయింది, లెక్క కాలేదు.

నేను దాన్ని తిరగేశాను. జవాబును ముందు చెప్పి, దానికి చుట్టాలెవరని అడిగేదాన్ని. వాకిట్లో సున్నంతో గళ్లు గీసి ఒక్కో గడికి ఒక్కో అంకె వేశాను. ప్రతి గడీ ఒక ఇల్లు, ఒక్కో పిల్లా ఒక్కో అంకె. "యాభైఆరు ఇంటికి చుట్టాలెవరు?" అంటే ఏడూ ఎనిమిదీ చేతులు పట్టుకుని వచ్చి ఆ గడిలో నిలబడాలి. ఇరవైనాలుగు ఇల్లు పెళ్లివారిల్లులా ఉండేది. మూడూ ఎనిమిదీ, నాలుగూ ఆరూ, రెండూ పన్నెండూ తోసుకుంటూ వచ్చేవి. ఇరవైమూడు ఇంటికి మాత్రం ఎవరూ వచ్చేవారు కారు. పిల్లలకు దాని మీద జాలి కలిగింది. ఒకరోజు చూస్తే ఆ గడిలో ఎవరో రెండు బంతిపూలు పెట్టి ఉన్నారు.

అయ్యవారికి ఈ గోల నచ్చలేదు. "తనిఖీకి వస్తే ఏం జవాబు చెప్పేదమ్మా?" అన్నాడు. నేను ఒక పిల్లను పిలిచి, "అయ్యవారు అడుగుతారు, చెప్పు" అన్నాను. ఆయన వరస లేకుండా పది ప్రశ్నలు వేశాడు. ఒక్కటీ తప్పు రాలేదు. ఆయన బెత్తం చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత తనిఖీ రోజున మాత్రం ఆట ఆపమనేవాడు. పై అధికారి భయం పిల్లల చదువుకంటే పెద్దదైపోవడం నేను చాలా చోట్ల చూశాను. దాన్ని కోపగించుకుని లాభం లేదు. తనిఖీ ఒక్క రోజే, తక్కిన రోజులన్నీ మనవే.

ప్రతి పిల్లా ఒక ఊరు

రాజధానులకు ఇంకో ఆట. నా దగ్గర అట్ట ఊడిన అట్లాసు ఒకటి ఉండేది. ఒక్కో పిల్ల కళ్లు మూసుకుని వేలు పెట్టాలి. వేలు ఏ దేశంలో పడితే ఆ దేశపు రాజధాని ఆ పిల్ల పేరు. సముద్రంలో పడితే మళ్లీ పెట్టాలి. హాజరు కూడా ఆ పేర్లతోనే పిలిచేదాన్ని. "టోక్యో!" "ఉండానమ్మా!" "ఓస్లో!" "ఓస్లోకి జరం, రాలేదమ్మా!"

శుక్రవారం సాయంత్రం ప్రశ్నల పోటీ. ఒక పిల్ల లేచి తన ఊరి గుర్తులు ఒక్కొక్కటిగా చెబుతుంది, తక్కినవాళ్లు ఎవరో కనుక్కోవాలి. "నేను దీవుల మీద ఉంటా. నా వీధుల్లో నీళ్లుంటాయి. చలికాలంలో ఆ నీళ్లు గడ్డకడతాయి. నేనెవర్ని?" ముందు "స్టాక్‌హోము" అని చెప్పినవాళ్ల జట్టుకు గుప్పెడు చింతపిక్కలు.

పేరు పెట్టుకున్నాక ఊరు వాళ్లదైపోయేది. బర్మాలో యుద్ధం పెద్దదైనప్పుడు రంగూను అనే చిన్నపిల్ల నా దగ్గరికి వచ్చి, కొంగు పట్టుకుని, "టీచరమ్మా, నన్ను పట్టుకున్నారంట గదా" అంది. దగ్గరికి తీసుకుని, ఊరు ఎక్కడికీ పోదనీ, నది అక్కడే ఉంటుందనీ చెప్పాను. మీకు చెప్పదలచుకున్నది ఇదే. ఆట అంటే గోల కాదు, బహుమతులు కాదు. నేర్చుకునే దాంట్లో పిల్లకు ఒక చోటు దొరకాలి.

సుగుణ అనే పిల్ల వేలు పోర్చుగల్ మీద పడింది. ఊళ్లో పెద్ద రైతు కుటుంబం. పదకొండేళ్లుంటాయి. చింతపిక్కల్లో ఎప్పుడూ దానిదే పెద్ద గుప్పెడు. ఆ పిల్ల ఉన్నట్టుండి బడికి రావడం మానేసింది.

ముక్కాలుకు ముక్కాలు

వారం చూసి, వాళ్ల గానుగ దగ్గరికి వెళ్లాను. బెల్లం వండే కాలం. ఎద్దులు గానుగ తిప్పుతున్నాయి, పెద్ద పెనంలో రసం కాగుతోంది. తీయటి ఆవిరిలో మనుషులు సగం సగం కనిపిస్తున్నారు. సుగుణ తాత గురవప్పనాయుడు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకు కళ్లు కనిపించవు. మద్రాసు వెళ్లి కోయించుకున్నా చూపు తిరిగి రాలేదు. వయసులో ఉన్నప్పుడు బెల్లం బండ్లు కట్టుకుని గుడియాత్తం, వేలూరు, ఆర్కాడు తిరిగిన మనిషి. ఇప్పుడు మంచమే ఆయన ఊరు. సుగుణ పక్కనే నిలబడి ఉంది.

"ఎవురది?" అన్నాడు.

"బడి టీచరమ్మను, నాయుడుగారూ."

"సుగుణ కోసరం వచ్చినావా? ఇంక రాదు. కూసో."

"ఎందుకని?"

"నాకు కండ్లు లేవు. కొడుకు చేన్లో ఉంటాడు. మనవండ్లు సంద్రగిరి బడికి పోతారు. నన్ను యాడికన్నా పట్టుకోని పొయ్యేదానికి ఈ బిడ్డ తప్ప ఎవురుండారు?" మంచం పట్టె మీద తట్టి, "సదివింది సాల్లే. లెక్కలంటావా, నాకు తెలిసినదానికంటే జాస్తి నేర్పిస్తావా నువ్వు? సెప్పు సూద్దాం. ముక్కాలుకు ముక్కాలు ఎంత?"

భిన్నాల ఎక్కం అది, ముక్కాలంటే ముప్పావు. అప్పటికే బడుల్లో ఎవరూ చెప్పడం లేదు. మా నాయన నాకు నేర్పాడు. పదహారింట తొమ్మిది వంతులు, పాత లెక్కలో పదహారో వంతును వీసం అంటారు. మనసులో సరిచూసుకుని "అరా వీసం" అన్నాను.

ఆయన ముఖం నా వైపు తిరిగింది. "ఊ. అయితే నువ్వొకటి అడుగు."

"పోర్చుగల్ రాజధాని ఏది?"

ఆయన గడ్డం గోక్కున్నాడు. సుగుణ ఆగలేకపోయింది. "లిస్బన్ తాతా! నేనే!"

"నువ్వేంది?"

"నేనే ఆ ఊరు. నాకు ఒక పక్క ఏరు, అది పోయి సముద్రంలో కలుస్తాది. నా వీధులన్నీ మిట్టలెక్కతాయి. కమ్మీల మీద బండ్లు ఆ మిట్టలెక్కి పోతాయి."

పెద్దాయన ముందుకు వంగాడు. "గాలి ఎట్లొస్తాది ఆ ఊరికి? సముద్రం పక్కనించా, ఏరు పక్కనించా?" అన్నాడు.

సుగుణ నా వైపు చూసింది. నేను అట్లాసు ముందేసుకుని ఆలోచించాల్సిన ప్రశ్న. "రేపు అడిగి సెప్తా తాతా" అంది.

"యాడ అడుగుతావు?"

"బళ్లో."

ఆయన నవ్వాడు. నవ్వితే పళ్లు లేని నోరంతా కనిపించింది. "సరే, పొద్దున పో. మద్యాన్నానికి వచ్చెయ్. వచ్చేటప్పుడు ఊరు తీసుకోని రా."

"ఏ ఊరు?"

"ఏదో ఒకటి. కొత్తది."

పెనం చుట్టూ

అట్లా మొదలైంది. పొద్దున బడి, మధ్యాహ్నం గానుగ. సుగుణ రోజుకొక ఊరు తీసుకుని వెళ్లేది. తాత మొదట నిన్నటి ఊరు ఒప్పజెప్పాలి, ఆ తర్వాతే కొత్తది. ఆయన తన వంతుగా భిన్నాల ఎక్కాలు అడిగేవాడు. ఆమె తప్పితే మంచం పట్టె మీద వేళ్లతో తట్టి మళ్లీ చెప్పించేవాడు. ఆదివారాల్లో నేనూ వెళ్లి కూర్చునేదాన్ని.

కొన్నాళ్లకు గానుగ దగ్గర పనిచేసేవాళ్లకు కూడా అంటుకుంది. పెనంలో రసం కలియబెట్టేవాడు ఆవిరిలోంచి, "అర్జెంటీనా!" అని కేక వేస్తే, ఎద్దుల వెనక నడిచేవాడు "బోనస్ ఏరీసు!" అనేవాడు. పేరు కొంచెం వంకరపోయినా ఊరు సరైనదే. ఐస్‌లాండు రాజధానిలో భూమిలోంచి వేడినీళ్లు పైకి వస్తాయంటే పెద్దాయన సంబరపడిపోయాడు. "కట్టెలు లేకుండా నీళ్లు కాగుతాయే! మన పెనం తీసకపోయి ఆడ పెడితే పొయ్యిలోకేసే పిప్పంతా మిగిలిపోతాది గదప్పా!" అన్నాడు. ఆ సాయంత్రాలు తలుచుకుంటే నాకిప్పటికీ కాగే బెల్లం వాసనలోంచి ఊళ్లు లేచి వస్తున్నట్టే ఉంటుంది. ఏది పుస్తకంలోదో, ఏది ఆ పొగలో చూసిందో వేరు చేయలేను.

నిజానికి సుగుణ కూడా వేరు చేసి చెప్పేది కాదు. అట్లాసులో ఉన్నది తక్కువ, తాత ప్రశ్నలు ఎక్కువ. స్టాక్‌హోములో పెళ్లికూతుళ్లు జడనిండా మల్లెపూలు పెట్టుకుని పడవల్లో అత్తగారింటికి పోతారని చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. ఆయన "ఆహా" అని వింటుంటే అడ్డం పడబుద్ధి కాలేదు.

లీమా

మరుసటి ఏడు వానలు పట్టుబట్టి రాలేదు. స్వర్ణముఖిలో ఇసుక తప్ప చుక్క లేదు. బావులు అడుగంటాయి. గురవప్పనాయుడుగారి చెరుకు నిలువునా ఎండిపోయింది. గానుగ ఆడలేదు. అయినా ఆయన పొద్దునే వచ్చి చల్లారిన పొయ్యి పక్కన మంచం వేయించుకుని కూర్చునేవాడు.

ఆ రోజుల్లో సుగుణ పెరూ దేశపు రాజధాని తీసుకుని వెళ్లింది. భూగోళం పుస్తకంలో ఉన్నదే చెప్పింది. లీమా అనే ఆ ఊరు సముద్రపు ఒడ్డున ఉంది, అక్కడ వాన పడదు, మంచు తుంపర తప్ప.

మర్నాడు పిల్ల బడికి రాలేదు. తర్వాతి రోజూ రాలేదు. నేను వెళ్లేసరికి ఏడ్చిన ముఖంతో గానుగ అవతల కూర్చుని ఉంది. పెద్దాయన నా అడుగుల చప్పుడుకే గుర్తుపట్టాడు.

"ఏమమ్మా, ఎగతాళా? వాన పడని ఊర్లో మనుషులుండారని బిడ్డకు సెప్పి పంపిస్తావా? అదీ ఈ ఏడు? వాన లేకుండా బతికేదంటే ఏందో నువ్వు సెప్పాల్నా నాకు?"

ఆయన గొంతు వణుకుతోంది. అది నా మీద కోపం కాదని అర్థమైంది. మంచానికి దగ్గరగా నేల మీద కూర్చున్నాను.

"అబద్ధం కాదు, నాయుడుగారూ. ఉన్నదే చెప్పింది."

"మరి నీళ్లు?"

"వెనక పెద్ద కొండలున్నాయి. వాటి మీద మంచు పేరుకుంటుంది. అది కరిగి ఏరుగా దిగి వస్తుంది. ఏటినుంచి కాలువలు తీస్తారు."

"ఏం పండిస్తారు?"

"పత్తి. చెరుకు."

ఆయన తల ఎత్తాడు. "చెరుకా?"

"చెరుకే."

"వాన లేకుండా చెరుకు?"

"లేకుండానే."

ఆగిపోయిన గానుగ మీద ఒక కాకి వాలింది. ఆయన చాలాసేపు అటువైపే ముఖం పెట్టి ఉన్నాడు, కాకిని చూస్తున్నట్టు.

"ఆ కాలవలు ఎవురు తవ్వినారు?"

"పూర్వం వాళ్ల పెద్దలు. మొదట ఎవరు తవ్వారో నాకూ తెలియదు."

"తెలివైనోళ్లు" అన్నాడు మెల్లగా. "మనకూ అంతే గదమ్మా. యాడో కొండల్లో పడితేనే ఏరు ఈడికొచ్చేది." తర్వాత "సుగుణా!" అని పిలిచాడు. పిల్ల వచ్చింది. తల తడిమి పట్టుకున్నాడు.

"తాతా, నేనొకటి అబద్ధం సెప్పినా. స్టాక్‌హోములో మల్లెపూలు..."

"తెలుసులే. మంచు పడేతావ మల్లె యాడ పూస్తాది? నాకోసరం సెప్పినావు, వినుకున్నా. ఇది నిజమని సెప్పేసరికే నాకు కోపమొచ్చినాది. రేపు బడికి పో."

ఆ రోజు తర్వాత సుగుణకు ఒక పద్ధతి పెట్టాను. ఊరి గురించి చెబుతున్నప్పుడు, "ఇంతవరకు పుస్తకం, ఈడనించి నాది" అని చెప్పాలి. పెద్దాయన రెండూ అడిగేవాడు. అల్లుకుని చెప్పే పిల్లలను తిట్టవద్దు. ఏది ఎవరిదో చెప్పడం నేర్పితే చాలు. కల్పన ఉన్న పిల్లకే నిజం విలువ త్వరగా తెలుస్తుంది. ఇది నేను ట్రైనింగులో నేర్చుకున్నది కాదు.

సత్యవేడు సంబంధం

సుగుణ ఎనిమిదో తరగతి ముగించే ఏడు ఆమె నాయన చెంగల్రాయులు సత్యవేడు వైపునుంచి ఒక సంబంధం తెచ్చాడు. మా బడిలో చదువు ఎనిమిదితో సరి. ఆడపిల్ల పైన చదవాలంటే చిత్తూరులో నేను చదువుకున్న బడికే పోవాలి, అక్కడే హాస్టలులో ఉండాలి. నేను ఆ మాట ఇంట్లోవాళ్లకు ఒకసారి చెప్పాను, అంతే. అంతకుమించి నేను చేసింది లేదు.

గానుగ దగ్గరే మాట జరిగింది. వానలు పడి చెరుకు మళ్లీ నిలబడిన ఏడు.

"మంచి సంబంధం నాయనా. రెండు బాయిలుండాయి. మడి ఉండాది. పిల్లోడు నెమ్మదస్తుడు" అన్నాడు చెంగల్రాయులు.

"బిడ్డను అడిగినావా?"

"దాన్ని అడిగేదేముంది?"

"అడుగు."

సుగుణ ఎవరి ముఖమూ చూడలేదు. "నేను సత్యవేడూ పోను, సిత్తూరూ పోను. తాతకు ఎవురుండారు?" అంది.

చదువుకు పోతానంటుందని నేననుకున్నాను. చెంగల్రాయులు కూడా అదే అనుకున్నట్టున్నాడు, తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

పెద్దాయనకు అంతకంటే సుఖమైన జవాబు లేదు. ఊ అంటే మనవరాలు పక్కనే ఉండిపోతుంది, రోజుకొక ఊరు వస్తుంది. ఎవరూ తప్పు పట్టరు. ఆయన కాసేపు ఎద్దుల మువ్వలు విన్నాడు.

"సూడు, సెంగల్రాయా," అన్నాడు, "కండ్లు పోయింది నాకు. దానికి కాదు. నన్ను పట్టుకోని ఎన్నాళ్లు ఈ గానిగ సుట్టూ తిరగతాది, ఆ ఎద్దు మాదిరి? సిత్తూరుకు పంపించు. సత్యవేడోళ్లు ఆగితే ఆగనీ. లేకుంటే ఇంగొకరొస్తారు."

"నీకు మరి?"

"నా సంగతి నేను సూసుకుంటా."

సుగుణ గట్టిగా ఏడ్చింది. ఆయన ఊరుకోబెట్టలేదు. ముక్కాలుకు ముక్కాలు ఎంతని అడిగాడు. ఏడుస్తూనే చెప్పింది.

మా టీచర్లకు ఒక బలహీనత ఉంటుంది, ఒక పిల్ల పైకి వస్తే మేమే తెచ్చామనుకుంటాం. ఆ రోజు అక్కడ ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, ఆ పిల్లను పంపింది నేను కాదు. ఆయన తన చూపును తానే బండెక్కించాడు.

చంద్రగిరి స్టేషన్

తర్వాత జరిగినవి ముందే చెప్పేస్తాను. సుగుణ చిత్తూరులో చదువు ముగించి, టీచరై, చాలా ఏళ్లు మదనపల్లె వైపు పనిచేసింది. తనకు నచ్చినవాణ్నే చేసుకుంది. పెద్దాయన మరికొన్ని బెల్లం కాలాలు ఉన్నాడు. సెలవులకు మనవరాలు వచ్చినప్పుడల్లా ఇద్దరూ గానుగ దగ్గరే ఉండేవాళ్లు. ఆయన పోయేటప్పుడు కూడా ఆమె పక్కనే ఉంది.

కానీ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆమె చిత్తూరు వెళ్లిన పొద్దు. చంద్రగిరి స్టేషన్‌కు బండి కట్టించుకుని తానూ వస్తానన్నాడు ఆయన. ఎంత చెప్పినా వినలేదు. కోట కొండ మీద ఇంకా మంచు ఉంది. చెంగల్రాయులు కూతురితో కలిసి రైలెక్కాడు, హాస్టలులో దించి రావడానికి. నేనూ పెద్దాయనా ప్లాట్‌ఫారం మీద మిగిలాం.

ఇంజను కూసింది. సుగుణ కిటికీలోంచి "తాతా!" అంది. ఆయన ఆ గొంతు వైపు చెయ్యెత్తాడు. పెట్టెలు ఒక్కొక్కటిగా కదిలాయి.

"కనపడతా ఉండాదా?" అన్నాడు.

"కనిపిస్తోంది. చెయ్యి ఊపుతోంది."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ."

రైలు మలుపు తిరిగి మంచులోకి పోయింది. పట్టాలు మాత్రమే మిగిలాయి.

"ఇప్పుడు?"

"ఇంకా కనిపిస్తోంది" అన్నాను.

ఆయన నవ్వాడు. "పొయ్యేసిందిలేమ్మా. నాకు సప్పుడు తెలస్తా ఉండాది గదా."

బండివాడు వచ్చి పోదామా అన్నాడు. పెద్దాయన కదల్లేదు. చేత్తో తడిమి బెంచీ చూసుకుని కూర్చున్నాడు.

"కూసో అమ్మా. ఆ సిత్తూరు బళ్లో నువ్వు సదివినావు గదా. ఎట్లుంటాదో సెప్పు. వాకిలి ఏ దిక్కు? బిడ్డ పండుకునేది యాడ?"

నేను కూర్చున్నాను. వాకిలి తూర్పుకనీ, లోపలికి పోతే ఎడమచేతి వైపు చేదబావి ఉంటుందనీ, పిల్లలు పడుకునే హాలు పొడుగ్గా ఉంటుందనీ, కిటికీల్లోంచి రాత్రిళ్లు వేపగాలి వస్తుందనీ చెప్పాను. ఆదివారం పులిహోర పెడతారనీ, వార్డెనమ్మ కేకలు వేసినా జ్వరం వస్తే తలకు తడిగుడ్డ ఆమే వేస్తుందనీ చెప్పాను. బావినీళ్లు కొంచెం ఉప్పగా ఉంటాయని కూడా చెప్పాను. ఆయన ఆపి ఆపి అడుగుతున్నాడు. నేను గుర్తు చేసుకుంటూ, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

ఎండ కొండ దిగి ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. బండివాడు ఎద్దులను నీడకు తోలుకుని వెళ్లాడు.

"ఊ, బావి దాటినాము," అన్నాడు పెద్దాయన. "ఆడనించి బిడ్డ యాటికి పోతాది?"